సూరత్ పద్దుల్లో మద్యం: మానాలనుకున్నవాడి చికిత్స ఖర్చు ఎవరిది?

మెయిన్స్‌లో మద్యనిషేధం మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసే జవాబు ఒకే మూసలో ఉంటుంది. ముందు ఆర్టికల్ 47, తర్వాత గాంధీజీ, ఆ తర్వాత దూబగుంట, చివర్లో ఆదాయ నష్టం. జవాబు తప్పు కాదు, కానీ అందులో ఒక మనిషి కనిపించడు. తాగుడుకు బానిసై, ఇక మానాలనుకుని, ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చిన మనిషి. అతని చికిత్సకు డబ్బు ఎవరు పెట్టాలి? కేంద్రమా, రాష్ట్రమా, నగరపాలక సంస్థా?

ఈ ప్రశ్నకు చరిత్రలోనే జవాబు వెతుకుదాం. అందుకు సూరత్ నగరాన్ని తీసుకున్నాను. కారణాలు మూడు. మద్యంపై వలస ప్రభుత్వం ఆదాయం ఎలా పిండుకుందో ఆ జిల్లా చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. గుజరాత్ ఏర్పడిన 1960 నుంచి అక్కడ మద్యనిషేధం ఉంది. మన తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి వెళ్లిన నేత కార్మికుల కుటుంబాలు అక్కడి మరమగ్గాల మధ్య దశాబ్దాలుగా బతుకుతున్నాయి. కాబట్టి ఇది దూరపు ఊరి కథ కాదు.

1. అబ్కారీ: ఆదాయం పైకి, బాధ కిందికి

బొంబాయి ప్రెసిడెన్సీలో 1878లో అబ్కారీ చట్టం వచ్చింది. అంతకుముందు దక్షిణ గుజరాత్ ఆదివాసులు ఇప్పపువ్వుతో సారా కాచుకునేవారు, చెట్ల నుంచి కల్లు తీసుకునేవారు. పండగకీ పెళ్లికీ చావుకీ అదే. కొత్త చట్టం ఇంట్లో సారా కాయడాన్ని నేరం చేసింది. సారా తయారీని ప్రభుత్వ నియంత్రణలోని డిస్టిలరీలకు తరలించింది. కల్లు చెట్లపై పన్ను పడింది. 1892 నాటి మౌరా చట్టం ఇప్పపువ్వు సేకరణ, నిల్వల మీద కూడా ఆంక్షలు పెట్టింది.

ఫలితం ఏమిటి? తాగుడు తగ్గలేదు, తాగేవాడు డబ్బు కట్టే చోటు మారింది. సూరత్ జిల్లాలో సారా అమ్మే హక్కులు ఎక్కువగా పార్సీ వ్యాపారుల చేతికి వెళ్లాయి. దుకాణంలో అప్పు పెరిగితే ఆదివాసి భూమి వాళ్ల చేతికి పోయింది. అబ్కారీ రాబడి బొంబాయి ఖజానాకు చేరింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. సూరత్‌లో మునిసిపాలిటీ 1852 నుంచే ఉంది. వీధులు, మురుగు, అంటువ్యాధులు దాని బాధ్యత. మద్యం మీద వచ్చే రాబడి మాత్రం ప్రెసిడెన్సీ ప్రభుత్వానిది. తాగుడు వల్ల పుట్టే జబ్బు, గొడవ, పేదరికం స్థానికం. డబ్బు మాత్రం స్థానికం కాదు. ఈ విభజన ఆ రోజుల్లోనే పడింది. ఆ తర్వాత ఎన్ని చట్టాలు మారినా అది పూర్తిగా చెరగలేదు.

2. దేవి ఉద్యమం: ప్రభుత్వ పైసా లేని మాన్పుడు

1922 నవంబర్‌లో సూరత్ జిల్లా ఆదివాసి గ్రామాల్లో ఒక వింత జరిగింది. సలాబాయి అనే దేవి కొందరిని పూని మాట్లాడుతోందని వేలమంది గుమిగూడారు. పూనకంలో వచ్చిన ఆజ్ఞలు ఇవి: సారా, కల్లు మానండి. మాంసం, చేపలు మానండి. రోజూ స్నానం చేసి శుభ్రంగా ఉండండి. పార్సీ సారా వ్యాపారుల దగ్గర పనికి వెళ్లకండి. ఊళ్లకు ఊళ్లు తాగుడు మానేశాయి. చరిత్రకారుడు డేవిడ్ హార్డిమన్ 1987లో వెలువరించిన పుస్తకం ‘ది కమింగ్ ఆఫ్ ది దేవి’ ఈ ఉద్యమం మీదే. అణగారిన వర్గాల చరిత్రపై ప్రశ్న వస్తే వాడుకోదగిన ఉదాహరణ ఇది.

దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయకండి. ఒక్కడే మానితే పక్కవాడు మళ్లీ గ్లాసు చేతికిస్తాడు. ఊరంతా కలిసి మానితే అలా ఇచ్చేవాడు ఉండడు. ఇవాళ వ్యసన చికిత్సలో తోటివారి అండ అని దేన్ని అంటున్నారో, దాన్ని ఆ గ్రామాలు దేవి పేరుతో సాధించుకున్నాయి. కానీ పూనకాల ఉధృతి తగ్గాక చాలాచోట్ల తాగుడు తిరిగి వచ్చింది. మానడం ఒక ఎత్తు, మానినదాన్ని నిలబెట్టుకోవడం మరో ఎత్తు. నిలబెట్టుకోవడానికి ఏళ్ల తరబడి నడిచే సంస్థ కావాలి, సంస్థకు పద్దు కావాలి.

ఆ ఏడాదే సూరత్ పట్టణంలో మరో సంఘటన. సహాయ నిరాకరణలో భాగంగా సూరత్ మునిసిపాలిటీ విద్యకు ప్రభుత్వ గ్రాంటు, దాంతో వచ్చే ప్రభుత్వ అజమాయిషీ రెండూ వద్దంది. ప్రభుత్వం 1922లో ఆ మునిసిపాలిటీని పక్కనపెట్టి పాలన తన చేతిలోకి తీసుకుంది. గ్రాంటు ఇచ్చేవాడి చేతిలోనే పగ్గం ఉంటుందని పట్టణానికి అప్పుడే తెలిసింది.

3. బడికి సారా డబ్బు: ద్వంద్వ ప్రభుత్వపు చిక్కు

1919 చట్టం కింద ద్వంద్వ ప్రభుత్వం వచ్చినప్పుడు విద్య, ప్రజారోగ్యం, స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రులకు అప్పగించారు. ఎక్కువ రాష్ట్రాల్లో ఎక్సైజ్ కూడా వాళ్లకే ఇచ్చారు. అంటే బడి కట్టాలన్నా, ఆసుపత్రి నడపాలన్నా మంత్రికి చేతికి అందే రాబడి తాగుడు నుంచే వచ్చేది. పిల్లవాడి చదువు తండ్రి తాగుడు మీద ఆధారపడటం గాంధీజీని ఎంతగానో బాధించింది. 1937లో ఆయన తన ఖర్చు తానే సంపాదించుకునే బేసిక్ విద్యను ప్రతిపాదించడానికి ఒక కారణం ఇదే.

1937లో కాంగ్రెస్ మంత్రివర్గాలు వచ్చాక నిషేధం మొదలైంది. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాల్లో నిషేధం పెట్టింది. పోయిన రాబడి పూడ్చడానికి 1939లో సాధారణ అమ్మకం పన్ను తెచ్చింది. బొంబాయి ప్రభుత్వం 1939 ఆగస్టు 1 నుంచి బొంబాయి నగరంలో నిషేధం అమలుచేసి, నష్టం పూడ్చడానికి పట్టణ స్థిరాస్తులపై పన్ను వేసింది.

ఈ రెండో పన్నును స్థానిక ఆర్థిక వ్యవస్థ కోణంలో చూడండి. ఇళ్లు, భవనాల మీద పన్ను నగరపాలక సంస్థలకు ప్రధాన ఆధారం. ఎక్సైజ్ రాబడి ఉన్నన్నాళ్లూ పట్టణానికి అందులో సొంత హక్కు లేదు. అది పోయాక నష్టం పూడ్చడానికి మాత్రం పట్టణపు ఆస్తే గుర్తొచ్చింది. ఈ లెక్కలన్నీ ఖజానాకు పడే లోటు గురించే. తాగుడు మాన్పించే వైద్యానికి ఎంత కావాలన్నది ఈ లెక్కల్లో ముఖ్యాంశం కాలేదు.

4. 1949 చట్టం: నేరం స్పష్టం, రోగి అస్పష్టం

స్వాతంత్ర్యం తర్వాత బొంబాయి మద్యనిషేధ చట్టం, 1949 వచ్చింది. 1951లో ఎఫ్.ఎన్. బల్సారా కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని చాలావరకు సమర్థిస్తూ, మద్యం కలిసిన ఔషధాలు, సౌందర్య సామగ్రికి సంబంధించిన కొన్ని అంశాలను కొట్టేసింది. 1960 మే 1న గుజరాత్ విడిపోయాక ఈ చట్టాన్ని కొనసాగించింది, మహారాష్ట్ర సడలించుకుంది. ఇప్పుడు గుజరాత్‌లో దాని పేరు గుజరాత్ మద్యనిషేధ చట్టం, 1949.

పర్మిట్ లేకుండా తాగడమే ఈ చట్టం కింద నేరం. కాగితం మీద తాగుబోతులు లేని రాష్ట్రంలో తాగుబోతుల వైద్యానికి పద్దు అడగడం రాజకీయంగా ఇబ్బందికరమైన మాట. కానీ మనుషులు తాగుతూనే ఉన్నారు. 2009 జూలైలో అహ్మదాబాద్‌లో కల్తీ సారాకు వందమందికి పైగా బలయ్యారు. 2022 జూలైలో బొటాద్ ప్రాంతంలో మళ్లీ అదే విషాదం. 2009 తర్వాత గుజరాత్ చట్టాన్ని సవరించి, ప్రాణాలు తీసే కల్తీ సారా కేసుల్లో మరణశిక్ష దాకా వెళ్లింది. శిక్ష ఎంత పెంచినా తాగేవాడి చేతుల వణుకు తగ్గదు. అది వైద్యం చేయాల్సిన పని.

వైద్యపరంగా ఒక విషయం తెలుసుకోండి. తీవ్ర వ్యసనం ఉన్నవాడికి మద్యం హఠాత్తుగా ఆగితే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కాబట్టి సరఫరా ఆపే ప్రతి చర్యకు పక్కన ఆసుపత్రి మంచం సిద్ధంగా ఉండాలి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, అందులో కలిపే మత్తుమందులకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా తాళలేక ఆసుపత్రుల పాలయ్యారు. బిహార్ 2016లో నిషేధానికి ముందు జిల్లా ఆసుపత్రుల్లో డీ-అడిక్షన్ కేంద్రాలు తెరిచింది. నిషేధాన్ని సమర్థించినా వ్యతిరేకించినా, మంచం ముందు, లాఠీ తర్వాత అన్న ఈ క్రమాన్ని జవాబులో రాయండి.

5. రాజ్యాంగం ఇచ్చినది, ఇవ్వనిది

ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితా తెరవండి. 5వ అంశం స్థానిక ప్రభుత్వం, 6వది ప్రజారోగ్యం, ఆసుపత్రులు, 8వది మత్తు పానీయాలు, 51వది మద్యంపై ఎక్సైజ్ సుంకం. అన్నీ రాష్ట్రానివే. 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చి 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు పెట్టింది. 6వ అంశంలో ప్రజారోగ్యం ఉంది. మద్యం లేదు, వ్యసన చికిత్స అన్న మాటా లేదు. అది కూడా ప్రజారోగ్యంలో భాగమే అని వాదించవచ్చు. కానీ దానికి వెంట వచ్చే రాబడి లేదు.

గ్రామాల వైపు పెసా చట్టం, 1996 చూడండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకం, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఇవ్వాలని సెక్షన్ 4(ఎం) చెబుతుంది. దేవి ఉద్యమం నడిచిన దక్షిణ గుజరాత్ ఆదివాసి ప్రాంతాలకు ఈ చట్టం వర్తిస్తుంది. 1922లో దేవి పేరుతో ఊరు చేసిన పనికి డెబ్బై నాలుగేళ్ల తర్వాత చట్టం ముద్ర పడింది. ఆపే అధికారం దొరికింది. మాన్పించే నిధి మాత్రం ఆ సెక్షన్‌లో లేదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే సెక్షన్ ఒకటి చెబుతాను. ఎన్‌డీపీఎస్ చట్టం, 1985లోని 64ఏ. మాదకద్రవ్యాలు వాడి లేదా స్వల్ప పరిమాణంలో వాటితో పట్టుబడిన వ్యసనపరుడు, ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ నిర్వహించే లేదా గుర్తించిన ఆసుపత్రిలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. స్థానిక సంస్థ అన్న మాట చట్టంలోనే ఉందని గమనించారా? నగరపాలక ఆసుపత్రిలో ఒక డీ-అడిక్షన్ వార్డు ఉండటం వైద్య సదుపాయం మాత్రమే కాదు, జైలుకు వెళ్లకుండా బయటపడే దారి కూడా. అయితే ఈ రక్షణ మాదకద్రవ్యాల కేసులకే. మద్యనిషేధ చట్టం కింద కేసులకు వర్తించదు.

6. డబ్బు అసలు ఏ దారిన వస్తోంది?

వ్యసన చికిత్సకు కేంద్రం డబ్బు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖది. 1985-86లో మొదలైన పథకం కింద స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి పునరావాస కేంద్రాలు నడిపిస్తుంది. రెండోది ఆరోగ్య శాఖ 1988లో మొదలుపెట్టిన డ్రగ్ డీ-అడిక్షన్ కార్యక్రమం, ఇది ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా నడుస్తుంది. 2018 నుంచి మాదకద్రవ్యాల డిమాండ్ తగ్గింపు జాతీయ కార్యాచరణ ప్రణాళిక, 2020 ఆగస్టు 15న 272 జిల్లాల్లో నషా ముక్త్ భారత్ అభియాన్ వచ్చాయి. ఈ దారుల్లో డబ్బు ఢిల్లీ నుంచి సంస్థకో జిల్లాకో చేరుతుంది. నగరపాలక సంస్థ ఎక్కువగా ప్రేక్షకురాలే.

దీని ఫలితం అంకెల్లో చూడండి. ఎయిమ్స్ నిపుణుల ఆధ్వర్యంలో జరిగి 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్లవారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతారు. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మందీ ఏదో ఒక వార్డులో, ఏదో ఒక కార్పొరేటర్ పరిధిలో ఉన్నవాళ్లే.

7. సూరత్‌కు చేతనవుతుందా?

చేతనవుతుందనడానికి ఆ నగర చరిత్రే సాక్ష్యం. 1966లో సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ అయింది. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు భయంతో లక్షలమంది ఊరు వదిలి పారిపోయారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని జోన్లుగా విభజించి, అధికారాలను జోన్లకు పంచి, అధికారులను రోజూ వీధుల్లోకి పంపారు. రెండేళ్లలోనే సూరత్ పరిశుభ్రతకు ఉదాహరణగా మారింది. ప్లేగుకు ముందు కూడా ప్రజారోగ్యం కార్పొరేషన్ బాధ్యతే. మారినది ప్రాధాన్యం, డబ్బు, జవాబుదారీతనం.

అదే కార్పొరేషన్ స్మిమర్ పేరుతో సొంత వైద్య కళాశాల, ఆసుపత్రి నడుపుతోంది. దేశంలో ఇలా చేయగల నగరపాలక సంస్థలు చాలా తక్కువ. వలస కార్మికుల పిల్లల కోసం మరాఠీ, ఉర్దూ, ఒడియాతో పాటు తెలుగు మాధ్యమంలోనూ మునిసిపల్ పాఠశాలలు నడిపింది. మరమగ్గం పనికి వచ్చిన పద్మశాలి కుటుంబంలో పిల్లవాడికి తెలుగు అక్షరాలు నేర్పించడానికి గుజరాత్ నగరమొకటి పద్దు పెట్టింది. వ్యసన చికిత్సలో సగం మందు, సగం మాట. కౌన్సెలింగ్ రోగి భాషలో జరగకపోతే ఆ సగం పోతుంది. కొడుక్కి తెలుగులో పాఠం చెప్పించగలిగిన సంస్థ, అవసరమైతే తండ్రికి తెలుగులో కౌన్సెలింగ్ ఇప్పించలేదా? పన్నెండు గంటల షిఫ్టులు, ఇరుకు గదులు, దూరంగా ఉన్న సొంతూరు, ఇవన్నీ తెలిసేది ఢిల్లీకి కాదు, వార్డు ఆఫీసుకే.

అడ్డంకి మళ్లీ డబ్బే. సూరత్ లాంటి వాణిజ్య నగరానికి ఆక్ట్రాయ్ బంగారు గని. 2007లో గుజరాత్ దాన్ని రద్దుచేసి, బదులుగా రాష్ట్ర గ్రాంటు ఇచ్చింది. సొంత రాబడి గ్రాంటుగా మారితే కొత్త పద్దు తెరిచే ధైర్యం తగ్గుతుంది. దానికి తోడు కార్పొరేషన్ల చట్టం పనులను తప్పనిసరి, ఐచ్ఛికం అని రెండుగా విడదీస్తుంది. డబ్బు బిగుసుకున్నప్పుడు తప్పనిసరి పనులదే మొదటి వంతు.

8. మన రాష్ట్రాలు, ఇంగ్లాండ్

‘గుజరాత్‌లో ఎక్సైజ్ రాబడి లేదు కాబట్టి చికిత్సకు డబ్బు లేదు’ అని తేల్చేయకండి. ఎక్సైజ్ రాబడి పుష్కలంగా ఉన్న మన రాష్ట్రాలను చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబర్ 1 నాటికి రాష్ట్రమంతా సారా నిషేధం తెచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. ఈ చర్చ అంతా దుకాణం మూయాలా, తెరవాలా, ఖజానాకు ఎంత అన్న ప్రశ్నల చుట్టూనే తిరిగింది. రాబడిలో ఇంత శాతం మునిసిపాలిటీ ద్వారా చికిత్సకు ఇవ్వాలన్నది పెద్ద డిమాండ్ కాలేదు. రాబడి ఉన్నచోటా, లేనిచోటా ఫలితం ఒకటే అయినప్పుడు లోపం రాబడిలో లేదు, కేటాయింపులో ఉంది.

ఇంగ్లాండ్ 2013 ఏప్రిల్ నుంచి మద్యం, మాదకద్రవ్యాల చికిత్స బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించి, ప్రజారోగ్యానికి మాత్రమే వాడాలన్న షరతుతో గ్రాంటు ఇచ్చింది. తర్వాతి ఏళ్లలో ఆ గ్రాంటు తగ్గినకొద్దీ చికిత్స సేవలు కుంచించుకుపోయాయి. 2021లో కేరల్ బ్లాక్ నివేదిక ఆ నష్టాన్ని ఎత్తిచూపి, నిధులు పెంచాలని సిఫారసు చేసింది. బాధ్యతను కిందికి దింపితే చాలదు, డబ్బు కూడా అదే మెట్ల మీద దిగాలి, దిగాక నిలవాలి.

9. జవాబులో ఏం రాయాలి?

ముగింపులో ‘సమగ్ర విధానం అవసరం’ అని రాసి వదిలేయకండి. అది ఎవరూ మార్కులివ్వని వాక్యం. ఈ నాలుగూ రాయండి. ఒకటి, 15వ ఆర్థిక సంఘం 2021-26కు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. పట్టణ ఆరోగ్య కేంద్రాలకు వచ్చే ఇలాంటి గ్రాంటులో వ్యసన పరీక్ష, కౌన్సెలింగ్ ఒక స్థిరమైన అంశం కావాలి. రెండు, ఆర్టికల్ 243వై కింద రాష్ట్ర ఆర్థిక సంఘం ఎక్సైజ్ రాబడిలో చికిత్స వాటాను సూచించవచ్చు. నిషేధం ఉన్న రాష్ట్రంలో అది సాధారణ నిధి నుంచి రావాలి. మూడు, 64ఏ కింద నగరపాలక ఆసుపత్రులు చికిత్స ఇవ్వాలి, ఆ సంగతి పోలీసు స్టేషన్‌కు, కోర్టుకు తెలియాలి. నాలుగు, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో చేర్చింది. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల్లో చికిత్స పొందడం హక్కని సెక్షన్ 18 చెబుతోంది. చికిత్స దయ కాదు.

రేపు మీలో ఎవరో ఒకరు మునిసిపల్ కమిషనర్ అవుతారు. బడ్జెట్ ఫైలు మీ బల్ల మీదికి వస్తుంది. అందులో రోడ్డుకు పద్దు ఉంటుంది, దీపానికి ఉంటుంది, కుక్కల బెడదకూ ఉంటుంది. మానాలనుకుని వచ్చినవాడికి పద్దు ఉందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే తెరవాల్సింది మీరే.

సాధన ప్రశ్న: ‘మద్యనిషేధం రాష్ట్రానిది, మద్యం వల్ల కలిగే బాధ నగరానిది.’ 74వ రాజ్యాంగ సవరణ, స్థానిక సంస్థల ఆర్థిక పరిస్థితి వెలుగులో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు. ఇవాళ రాత్రే ఒక డ్రాఫ్ట్ రాసి, ఉదయం మీరే దిద్దుకోండి.